రెండుసార్లు హారన్ కొట్టే మనిషి

మొన్న మంగళవారం కాలేజీ నుంచి వచ్చి సెంటర్లో బస్సు దిగేసరికి ఎదురుగా కరెంటు స్తంభానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒకటి కట్టి ఉంది. తెల్ల చొక్కా, నెరిసిన జుట్టు, చక్కటి మూతి ఉన్న పెద్దమనిషి ఫోటో. ఎవరో అనుకుని దాటి వెళ్ళబోయాను. పేరు చదివితే ఆ పేరు గలవాళ్ళెవరూ నాకు తెలియదు. పేరు కింద 'రిటైర్డ్ పశువైద్య సహాయకులు' అని ఉంది. అప్పుడు మళ్ళీ ఫోటో చూశాను. కళ్ళు ఆయనవే, చెవుల మీద వెంట్రుకలూ ఆయనవే. మూతి మాత్రం ఆయనది కాదు. ఫ్లెక్సీ షాపులో ఎవరో కంప్యూటర్ మీద కూర్చుని ఆయన పై పెదవిని నున్నగా సరిచేసేశారు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ మూతిని చూడలేకపోయిన ఊరు, పోయాక కూడా చూడలేకపోయింది.

ఆయన పేరు నాకు ఆ ఫ్లెక్సీ మీదే తెలిసింది. ఆరేళ్ళ క్రితం అయిదు నెలల పాటు దాదాపు రోజూ మా ఇంటికి వచ్చిన మనిషి. ఒక్కనాడూ పేరు అడగలేదు. అందుకని ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, నాకా హక్కు లేదు.

మా ఊరు ధవళేశ్వరం బ్యారేజీకి దిగువన, కాలువ పక్కన. పశువుల ఆస్పత్రి పక్క ఊళ్ళో ఉంది. డాక్టరు గారు వారానికి రెండు రోజులు వస్తే గొప్ప. మిగిలిన రోజుల్లో ఆస్పత్రంటే ఈయనే. రైతులు ఎదురుగా 'కాంపౌండరు గారండీ' అనేవారు. బండి మలుపు తిరగ్గానే 'మొర్రి డాక్టరు' అనేవారు. గ్రహణం మొర్రితో పుట్టాడాయన. పై పెదవి చీలికను చిన్నప్పుడు మిషను ఆస్పత్రిలో కుట్టారు. నోటి లోపల అంగిలికి ఉన్న చీలికను మాత్రం ఇంకాస్త పెద్దయ్యాక తీసుకొస్తే కుడతామన్నారట. పెద్దయ్యాక తీసుకెళ్ళేవాళ్ళు లేకపోయారు. ఆ నెల ఊడ్పులు, ఆ తర్వాత కలుపులు, ఆ తర్వాత కోతలు, అలా అది ఉండిపోయింది. అందుకని ఆయన మాట సగం ముక్కులోంచి వచ్చేది. ఆ మాటను అనుకరించి నవ్వించే విద్య మా ఊళ్ళో చాలామందికి వచ్చు. నేను ఆయన మాటల్ని అందరి మాటల్లాగే రాస్తాను.

పాత మోపెడ్ మీద తిరిగేవాడు. వెనక టీకాల ఐసుపెట్టె, ముందు కాళ్ళ దగ్గర గేదెల మందుల సంచి. భుజం మీద తువ్వాలు ఎండాకాలం, వానాకాలం ఒకేలా ఉండేది. ఆడవాళ్ళతో మాట్లాడాల్సి వస్తే దాని కొసను మూతికి అడ్డం పెట్టుకునేవాడు. ఏ ఇంట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టడు. ఈనలేక అవస్థపడుతున్న గేదె కడుపులోంచి దూడను లాగి, మోచేతుల దాకా కడుక్కుని, 'టీ తాగి వెళ్ళండి' అంటే 'వద్దండి, ఇప్పుడే అయ్యింది' అనేవాడు. 'ఎంత పొగరో చూడు, మనింట్లో టీ పనికిరాదు కాబోలు' అని మా అత్తగారు చాలాసార్లు అన్నారు. అలా అంటూనే ఆయన లాంటివాళ్ళు వస్తే ఇవ్వటానికి వంటింటి బయట గూట్లో ఒక గ్లాసు విడిగా పెట్టేవారు. ఆ గ్లాసు సంగతి ఆయనకి తెలియదని మేమంతా అనుకునేవాళ్ళం.

ఆయన అలవాట్లలో నాకు బాగా గుర్తున్నది హారన్. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే, గేటు ముందు బండి ఆపి రెండుసార్లు హారన్ కొట్టేవాడు. కాసేపు ఆగేవాడు. ఆ మనిషి లేచి, తన మొహం కంట పడకుండా లోపలి గదిలోకి వెళ్ళేంత వ్యవధి ఇచ్చి, అప్పుడు గేటు తీసేవాడు. మొర్రి ఉన్నవాళ్ళని చూస్తే పుట్టే బిడ్డకి మొర్రి వస్తుందని మా వైపు గట్టి నమ్మకం. ఇలా హారన్ కొట్టమని ఆయనకెవరూ చెప్పలేదు, ఆయనే పెట్టుకున్నాడు. ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో ఆయనకి తెలిసినంతగా అంగన్‌వాడీ ఆవిడకి కూడా తెలిసి ఉండదు.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఈ మాట ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే మిగతాదంతా చెప్పటానికి నాకు ధైర్యం చాలదు. పిండంలో పై దవడ రెండు పక్కల నుంచీ పెరిగి మధ్యలో కలవాలి, ఎక్కడైనా కలవకపోతే చీలిక మిగులుతుంది, గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు అని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. పిల్లలు రాసుకుంటారు.

మా వారికి కుక్కలంటే ప్రాణం. మా లాబ్రడార్ రూబీ ఆరు పిల్లల్ని పెట్టింది. అయిదు బాగానే ఉన్నాయి. ఆరోది తల్లి పాలు తాగుతూనే తుమ్మేది, ముక్కు రంధ్రాల్లోంచి పాలు తెల్లగా కారేవి. రెండో రోజుకి మిగతావాటిలో సగం అయిపోయింది. మా వారు దాని నోరు తెరిచి చూసి, నాకు చూపించారు. అంగిలి మధ్యలో ముందు నుంచి వెనక దాకా పొడుగ్గా చీలిక. 'రాత ఎలా ఉంటే అలా అవుతుంది, కాలువ గట్టున వదిలేసి రండి' అన్నారు అత్తగారు. మా వారికి మనసొప్పలేదు. బాధ లేకుండా పోయేలా ఇంజెక్షన్ ఇమ్మని కాంపౌండరు గారికి ఫోన్ చేశారు.

అప్పటికి నాకు రెండో నెల. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆ రోజు హారన్ మోగలేదు, ఆయన నేరుగా వచ్చేశాడు. పెరటి వరండాలో గొంతుక్కూర్చుని, కుక్కపిల్లను ఎడమ అరచేతిలో వెల్లకిలా పెట్టుకుని, టార్చి వేసి నోట్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత టార్చి ఆర్పి, అప్పటికే మందు ఎక్కించిన సిరంజిని పక్కన పెట్టేశాడు.

"ఏంటండీ, ఏమైంది?" అన్నారు మా వారు.

"నేను చెయ్యనండి."

"దానికి బాధ కదండీ. ఎలాగూ బతకదు."

"ఎందుకు బతకదండీ? నేను బతకలేదా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఎప్పుడూ మూతికి అడ్డం ఉండే తువ్వాలు ఆ మాట అనేటప్పుడు లేదు. "నాలుగు నెలలు పెంచితే ఆపరేషన్ చేత్తారండి. రాజమండ్రిలో చేసే డాక్టరు గారున్నారు. నాలుగు నెలలు నాకు వదిలెయ్యండి, నేను చూసుకుంటాను."

చూసుకున్నాడు. సన్నటి రబ్బరు గొట్టం తెచ్చి, కుక్కపిల్ల మూతి నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి, గుర్తుకి నా దగ్గర గోళ్ళ రంగు అడిగి గీత పెట్టాడు. గొట్టాన్ని గొంతులోంచి పొట్టలోకి దించి పాలు పట్టడం నాకూ మా వారికీ నేర్పాడు. ఊపిరితిత్తుల్లోకి ఒక్క చుక్క వెళ్ళినా న్యుమోనియా వచ్చి పోతుందని పదిసార్లు చెప్పాడు. రోజూ ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆగేవాడు. రాగానే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని రొమ్ములో గురక ఉందేమోనని వినేవాడు. లేకపోతే 'ఆయ్' అని తనలో తనే అనుకునేవాడు. మిగతా అయిదూ ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళిపోయాక ఇదొక్కటే మిగిలింది. లడ్డూ అని పేరు పెట్టాం. పుల్లలా ఉండేది, అయినా అదే పేరు.

కాస్త ఎదిగాక పాల నుంచి గట్టి తిండికి మార్చింది కూడా ఆయనే. మేం అన్నం మెత్తగా పిసికి, పాలు పోసి పలచగా పెట్టేవాళ్ళం. మొత్తం ముక్కులోకి వచ్చేది. "పలచగా పెట్టకూడదండి. నీళ్ళలా ఉన్నదే పైకి పోద్ది. చిన్న చిన్న ముద్దలు చేసి, నాలిక మీద వెనక్కి పెట్టాలి. తల ఎత్తనివ్వకూడదు, దించనివ్వకూడదు, ఇలా సమంగా ఉంచాలండి" అన్నాడు.

"ఇవన్నీ ఏ పుస్తకంలో ఉన్నాయండీ? నాకెక్కడా కనిపించలేదు" అన్నాను. చదువుకున్నదాన్ని కదా, పుస్తకంలోనే ఉంటుందనుకున్నాను.

ఆయన నవ్వాడు. "పుస్తకమేంటండీ, రోజూ మూడు పూటలా తింటన్నాను కదా" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నేళ్ళుగా ఎవరి ఇంట్లోనూ టీ ముట్టకపోవడం పొగరు కాదు. తాగితే ముక్కులోంచి వస్తుంది. నలుగురిలో అది జరగకుండా ఉండటానికి ఆ మనిషి అరవై ఏళ్ళు దాహంతో తిరిగాడు.

వాళ్ళమ్మ సంగతి కూడా అలాగే లడ్డూకి ముద్దలు పెడుతూ చెప్పాడు. ఆయన కడుపులో ఉండగా ఒక సూర్యగ్రహణం వచ్చిందట. తుఫాను హెచ్చరిక ఉంది, చేలో వరి పండి ఉంది, ఒక్క పూటలో కోసెయ్యాలన్నారు ఆసామి. పట్టు విడిచేదాకా ఆసామి ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చున్నారు. కూలీలు కొడవళ్ళు పట్టుకుని చేలోకి దిగారు, వాళ్ళమ్మ కూడా. "తర్వాత నేను పుట్టాను కదండీ. కడుపుతో ఉండి గ్రహణంలో కొడవలి పట్టింది, బుద్ధి లేని మనిషి అన్నారంట అందరూ. ఆ ఆసామి గారింట్లో వాళ్ళు కూడా అన్నారంట. మాకు గ్రహణాలు, పట్లు లేవండి, ప్రభువుని నమ్ముకున్నోళ్ళం. అయినా మా అమ్మ చచ్చిపోయేదాకా నా మొహం చూసినప్పుడల్లా తన చేతులు చూసుకునేది."

"ఎవరి చేలోనండీ?" అని అడిగాను.

"దీని తల ఇటు పట్టుకోండి మేడం గారూ" అన్నాడు.

ఆ రోజుల్లో అన్ని ఎకరాలు ఉన్నవాళ్ళు మా ఊళ్ళో ముగ్గురు. వాళ్ళలో మా మామగారి తండ్రి ఒకరు. మిగతా ఇద్దరిలో ఎవరో అయి ఉంటారని నేను చాలా కాలం నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు.

నాలుగో నెల వచ్చాక ఇంట్లో చెప్పాం. మర్నాడే అత్తగారు వంటింటికీ పెరటి వరండాకీ మధ్య గుమ్మానికి తన పాత చీర ఒకటి తెరలా కట్టేశారు. "ఆ కాంపౌండరు వచ్చినప్పుడు నువ్వు ఇటు రాకు. ఏదైనా చెప్పాలంటే తెర వెనక నుంచి చెప్పు. రేపు ఏదైనా అయితే ఎవరిని అనుకుంటాం?" అన్నారు. 'అత్తయ్యా, అది అలా రాదు' అని నేను అనలేదు. బోర్డు ముందు నలభై అయిదు నిమిషాలు చెప్పగలిగిన మాట మా వంటింట్లో ఒక్కసారి చెప్పలేకపోయాను. అత్తగారికి భయపడ్డానని చాలామందికి చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ తెర నాకూ కావాలనిపించింది.

ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. ఆ సాయంత్రమే మా గేటు ముందు మొదటిసారి రెండుసార్లు హారన్ మోగింది. నేను తెర వెనక్కి వెళ్ళాను. ఆయన ఏమీ జరగనట్టే వరండాలో కూర్చుని, చీర మీది పువ్వులతో మాట్లాడుతున్నట్టు, "మేడం గారండీ, పొద్దున్న ఎన్ని ముద్దలు తిందండీ?" అని అడిగాడు. నేను ఇటు నుంచి చెప్పాను. లడ్డూ మాత్రం తెర కింద నుంచి దూరి ఇద్దరి దగ్గరికీ తిరుగుతూ ఉండేది. ఆ హారన్ దానికి అలవాటైపోయింది. రెండుసార్లు మోగితే చాలు, గేటు దగ్గరికి ఒకటే పరుగు.

దాని అంగిలిలోనూ అదే చీలిక. అది నా పక్కలో పడుకునేది. దాన్ని చూడొద్దని ఎవరూ అనలేదు.

ఆపరేషన్ చేసే డాక్టరు గారికి ఖాళీ దొరికింది క్రిస్మస్ మర్నాడు. సరిగ్గా ఆ రోజు పొద్దున సూర్యగ్రహణం. ఆ రోజు ఎవరూ తమ జంతువుల్ని తీసుకురారు, అందుకే ఆయనకి ఖాళీ. మా ఇంట్లో కారు గేటు దాటే ప్రశ్నే లేదు. వాయిదా వేద్దామన్నారు మా వారు. వేస్తే మళ్ళీ నెలన్నరకి గానీ కుదరదు. అప్పటికే లడ్డూకి ఒకసారి న్యుమోనియా వచ్చి చావు తప్పించుకుంది. రెండోసారి వస్తే తట్టుకోదని కాంపౌండరు గారు ముందే చెప్పి ఉన్నాడు.

"నేను తీసుకెల్తానండి" అన్నాడు తెర అవతల నుంచి.

"పండగ మర్నాడు కదండీ, మీ ఇంట్లో చుట్టాలుంటారు" అన్నాను. గ్రహణం మాట ఎత్తటానికి సిగ్గేసింది.

"చుట్టాలు సాయంత్రం దాకా ఉంటారండి. గ్రహణం అంటారా, అది నన్నింకేం చేత్తాదండీ? చెయ్యాల్సిందంతా ఎప్పుడో చేసేసింది."

పొద్దున్నే చేపల ట్రేలో పాత దుప్పటి పరిచి, లడ్డూని అందులో కూర్చోబెట్టి, బండి వెనక కట్టుకుని వెళ్ళిపోయాడు. నేను మా గదిలో కిటికీలకి దుప్పట్లు వేసుకుని, వెల్లకిలా, కదలకుండా మూడు గంటలు పడుకున్నాను. కాళ్ళు ముడవకూడదు, గోకకూడదు, వేళ్ళు మడవకూడదు. జువాలజీ లెక్చరర్ని వేళ్ళు చాపుకుని పడుకున్నాను. అక్కడ రాజమండ్రిలో ఆయన బల్ల పక్కన నిలబడి, మత్తులో ఉన్న దాని నాలుకను బట్టతో పట్టుకుని ఉన్నాడట. అంగిలికి రెండు పక్కల నుంచీ కండ పొరను విడదీసి, మధ్యకి లాగి కుట్టారు డాక్టరు గారు. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా ఆయన రెప్ప వెయ్యలేదని తర్వాత ఆ డాక్టరు గారే మా వారితో ఫోన్లో అన్నారు.

మధ్యాహ్నం మూడింటికి తీసుకొచ్చాడు. అప్పటికి మా ఇల్లంతా కడిగి, అందరం తలస్నానాలు చేసి ఉన్నాం. లడ్డూ మెడకి గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ, కళ్ళు మత్తుగా ఉన్నాయి. అత్తగారు దాని మీద పసుపునీళ్ళు చల్లి లోపలికి రానిచ్చారు. ఆయన గేటు బయటే నిలబడి, మందులు ఏ పూట ఏవి వెయ్యాలో మా వారికి చెప్పి వెళ్ళిపోయాడు. పొద్దున్నించీ ఆయన ఏమైనా తిన్నాడా అని ఎవరమూ అడగలేదు.

నాలుగు వారాలు గొట్టమూ, మెత్తటి ముద్దలూ అయ్యాక, ఇక గిన్నెలో పాలు పోసి చూడొచ్చని డాక్టరు గారు చెప్పారు. ఆ రోజు అత్తగారు వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళారు, మా వారు పనిమీద బయటికి వెళ్ళారు. రెండుసార్లు హారన్ మోగింది. నేను లోపలికి పోలేదు. ఎంత సంతోషంగా ఉన్నానంటే, తెరను నేనే పక్కకి లాగేసి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నన్ను చూసి గబుక్కున తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. "పర్వాలేదండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఎంత గొప్పదాన్నో అనిపించింది నాకు. ఆయన చొక్కా జేబు ఒకసారి తడుముకున్నాడు. అందులో మడిచిన కాగితం ఉంది. మందుల చీటీ అనుకున్నాను.

గిన్నెలో పాలు పోశాం. ఆయన నేల మీద బోర్లా పడుకుని, లడ్డూ ముక్కుకి ఎదురుగా టార్చి వేసి పట్టుకున్నాడు. అది గటగటా తాగింది. తుమ్మలేదు. ముక్కులోంచి ఒక్క చుక్క రాలేదు. గిన్నె నాకేసి, ఆయన మొహం కూడా నాకింది. ఆయన లేచి కూర్చున్నాడు. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"మేడం గారండీ, కొంచెం టీ ఇత్తారా?" అన్నాడు.

మా ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ ఆ మనిషి ఆ మాట అడిగి ఉండడు. నేను గూట్లోని గ్లాసు తియ్యలేదు. మేం తాగే స్టీలు గ్లాసులోనే పోసి ఇచ్చాను. అందుకు కూడా నన్ను నేను మెచ్చుకున్నాను. ఆయన గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, తువ్వాలు తీసి పక్కన పెట్టి, నా ఎదుటే ఒక గుక్క తాగాడు. రెండో గుక్కకి టీ ముక్కులోంచి కారి, పెదవి మీది కుట్టు గాటు మీదుగా గడ్డం మీదికి జారింది. ఆయన సిగ్గుపడలేదు. నవ్వాడు. "చూశారా అండీ, మీ లడ్డూ నా కంటే నయం" అన్నాడు.

నేను రెండు చేతులూ కడుపు మీద వేసుకుని గోడ వైపు తిరిగిపోయాను.

ఆలోచించి చేసింది కాదు అది. ఎంతసేపు? మూడు నాలుగు క్షణాలు. మళ్ళీ తిరిగి చూసేసరికి ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నాడు. నవ్వు లేదు. "పొలమారిందండీ" అన్నాడు, నాకు సాకు వెతికి ఇస్తున్నట్టు. నేను ఏదైనా అని ఉండాల్సింది. కొళాయి దగ్గరికి వెళ్ళి, గ్లాసు తనే కడిగి, గట్టు మీద బోర్లించాడు. జేబు మరోసారి తడుముకున్నాడు. లడ్డూ తల మీద చెయ్యి వేసి, "ఇంక గట్టి ఎముకలు పెట్టకండి ఓ నెలదాకా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక తెర మళ్ళీ నేనే వేశాను.

తర్వాత ఆయన రాలేదు. మా వారు ఫోన్ చేస్తే టీకాల పనిలో ఉన్నానన్నాడు. ఇంకో రెండు నెలలకి కరోనా వచ్చి అందరి తలుపులూ మూయించింది. ఎవరినీ పలకరించనందుకు అందరికీ మంచి సాకు దొరికింది, నాకు మరీను. ఏప్రిల్‌లో పాప పుట్టింది. మత్తు దిగాక నర్సు 'అమ్మాయండీ' అని చెప్పబోతుంటే, 'ముందు దాని నోరు చూపించండి' అన్నాను. వేలు పెట్టి అంగిలి తడిమి చూసుకున్నాక గానీ దాని మొహం చూడలేదు. పాపకిప్పుడు ఆరో ఏడు. లడ్డూ మంచానికి సగం ఉంటుంది. ఇప్పటికీ వీధిలో ఎవరు రెండుసార్లు హారన్ కొట్టినా గేటు దగ్గరికి పరిగెత్తి, నిలబడి, మెల్లగా తిరిగి వస్తుంది.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు వాళ్ళ ఊరు వెళ్ళాను. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య ఒక్కతే ఉంది. మా ఊరి పేరు చెప్పి, 'మా ఇంటికి పశువుల కోసం వచ్చేవారండీ' అన్నాను. అబద్ధం కాదు. ఆవిడ కుర్చీ వేసి, తను గుమ్మంలో కూర్చుంది. కరోనా పోయాక కూడా ఆయన మాస్కు తియ్యలేదని, అందులోనే హాయిగా ఉందనేవాడని చెప్పింది. ఆయన మాటలు కాసేపు మాట్లాడుకున్నాం. ఏం చదువుకున్నావమ్మా అని అడిగితే లెక్చరర్నని చెప్పలేక, ఇంగ్లీషు చదవడం వచ్చని మాత్రం చెప్పాను.

ఆవిడ లేచి వెళ్ళి పెన్షను కాగితాల కవరు తెచ్చి, అందులోంచి మడతల దగ్గర చిరిగిన కాగితం ఒకటి తీసి ఇచ్చింది. "ఇదేంటో చూడమ్మా. ఓసారి ఎవరిదో కుక్కపిల్లకి ఆపరేషన్ చేయించారు ఈయన. ఆ డాక్టరు గారు ఇచ్చారంట. చదువుకున్న మేడం గారున్నారు, ఆవిడకి చూపించి ఏం చెయ్యాలో అడుగుతానని జేబులో పెట్టుకెళ్ళారు. ఆ ఉదయం ఎంత హుషారుగా ఉన్నారో! తిరిగొచ్చాక అడిగితే ఆవిడ పనిలో ఉన్నారు, అడగలేదన్నారు. మళ్ళీ ఈ ఊసెత్తలేదు."

చదివాను. కాకినాడలో మనుషులకి ఇలాంటి ఆపరేషన్లు చేసే స్నేహితుడికి ఆ డాక్టరు గారు రాసిన నాలుగు ముక్కలు. ఈయన అంగిలి చీలిక చిన్నప్పుడు కుట్టలేదు, ఈ వయసులో కూడా కుట్టొచ్చని నా అభిప్రాయం, మాట పెద్దగా మారకపోయినా అందరిలా తినగలడు, తాగగలడు, దయచేసి చూడండి, అని. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను.

"అందరిలా తాగగలడని రాశారా?" అని ఆవిడ అడిగింది. అవునన్నాను. "ఆవిడ ఏదో పనిలో ఉండి ఉంటుంది పాపం. మంచావిడనే చెప్పేవారమ్మా. వాళ్ళు తాగే గ్లాసులోనే టీ ఇచ్చిందంట. అది మటుకు చాలాసార్లు చెప్పారు. రిటైరయ్యాక కూడా అటెళ్తే వాళ్ళ గేటుకి అవతల బండి ఆపుకుని, ఆ కుక్క అరుపు విని వచ్చేవారు. హారన్ మాత్రం కొట్టేవారు కాదంట. గొంతు బాగుందే అని మురిసిపోయేవారు."

కాగితం మడిచి ఇచ్చేశాను. ఆవిడ దాన్ని కవరులో పెడుతూ నా వైపు చూసింది.

"ఆ మేడం గారిది మీ ఊరేనమ్మా. నీకు తెలుసా?"

"తెలీదండి" అన్నాను.